రాగి కాసును చదవడం, వెల కట్టడం

అధ్యక్షులకు, పెద్దలకు, ఆదివారం ఉదయం ఇల్లు వదిలి ఇక్కడికి వచ్చిన మిత్రులందరికీ నమస్కారం.

సభ మొదలు కాకముందే ఐదారుగురు నా దగ్గరికి వచ్చి, రుమాళ్లలో మూటగట్టినవి, అగ్గిపెట్టెల్లో దాచినవి, మందుబిళ్లల డబ్బాల్లో పెట్టినవి, తమ ఇళ్లలోని రాగినాణేలను నా చేతిలో పెట్టారు. అందరూ అడిగింది ఒకటే మాట: "దీనికి ఎంత వస్తుందండీ?" అడగడంలో తప్పేమీ లేదు. తాతల నాటి వస్తువు విలువ తెలుసుకోవాలనుకోవడం ఎవరికైనా సహజమే. అయితే నలభై ఏళ్లుగా రాగినాణేలు పోగుచేస్తూ, తూకం వేస్తూ, వాటి మీది అక్షరాలు కూడబలుక్కుంటూ గడిపిన నా అనుభవంలో, ఆ ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పగలిగిన సందర్భాలు చాలా తక్కువ. ఆ నాణెం ఎవరు వేయించారో, ఎక్కడ తయారైందో, ఏ కాలానిదో, ఎలాంటి స్థితిలో ఉందో, ఎక్కడ దొరికిందో తేలితే తప్ప ధర మాట ఎత్తడం కుదరదు. అందుకే ఈ పూట ఎక్కువ సమయం నాణేన్ని గుర్తుపట్టడం గురించి మాట్లాడి, ధర సంగతి ఆ తర్వాత చెబుతాను.

బంగారు, వెండి నాణేల గురించి చాలామంది మాట్లాడతారు. నాకు మాత్రం రాగి మీదే మమకారం. సంతలో ఉప్పు కొన్నది, పడవవాడికి రేవు దాటించినందుకు ఇచ్చింది, దేవుడి హుండీలో వేసింది, పెళ్లిలో పసివాళ్ల చేతిలో పెట్టింది రాగి కాసే. మన భాషలో ధనానికి స్థిరపడిపోయిన "డబ్బు" అన్న మాటే ఒక రాగినాణెం పేరు. కాసు, కానీ, దమ్మిడీ, కాలణా అన్నవన్నీ ఒకప్పుడు చేత్తో పట్టుకుని లెక్కపెట్టిన వస్తువులు. 1943 నుంచి 1947 వరకు నడుమ చిల్లుతో వచ్చిన కంచు పైసాను చిల్లికానీ అన్నవాళ్లు ఈ సభలోనే కొందరు ఉండి ఉంటారు.

ముందుగా, ఇవాళ నాకు చూపించిన వాటిలో రెండుసార్లు ఎదురైన ఒక బిళ్ల గురించి చెప్పాలి. ఒకవైపు సీతారామలక్ష్మణులు, పాదాల దగ్గర హనుమంతుడు. రెండోవైపు ఇంగ్లీషులో ఈస్ట్ ఇండియా కంపెనీ అని, 1818 అని, ఒక అణా అని ఉంటుంది. ఇవే బొమ్మలతో 1616, 1717 అని వేసినవీ, 1839 అర్ధణా అని వేసినవీ ఉన్నాయి. కొన్నింటి మీద హనుమంతుడు ఒక్కడే ఉంటాడు, కొన్నింటి మీద లక్ష్మీదేవి, కొన్నింటి మీద తామరపువ్వు ఉంటాయి. వీటిలో ఒక్కటి కూడా కంపెనీ వేయించిన నాణెం కాదు. కంపెనీ తన రాగినాణేల మీద రాముణ్ణి గానీ హనుమంతుణ్ణి గానీ ఇలా ఎన్నడూ ముద్రించలేదు. 1818 సంవత్సరంతో ఒక అణా రాగినాణెం ఏ టంకశాల నుంచీ రాలేదు. కంపెనీ అర్ధణాలు 1835లో, 1845లో ఉన్నాయి గాని 1839లో లేవు. అసలు చలామణీలోకి వచ్చిన ఒక అణా నాణెం కంపెనీ పోయిన చాలా కాలానికి, ఏడో ఎడ్వర్డు హయాంలో, 1907లో వచ్చింది. అది రాగిది కాదు, రాగి, నికెలు కలిపిన తెల్లని లోహానిది. అంచు అలలు అలలుగా ఉంటుంది, దాని మీద మరో మూడు లిపులతో పాటు తెలుగులో "ఒక అణా" అని చక్కగా చదువుకోవచ్చు. ఈ రాముడి బిళ్లలు గుళ్ల దగ్గర, జాతరల్లో అమ్మడానికి చేసినవి. పూజలో పెట్టుకున్నవారు నిరభ్యంతరంగా అలాగే ఉంచుకోండి. వాటిని లక్షలకు కొంటామని ఎవరైనా అంటే నమ్మవద్దు, లక్షలిచ్చి మీరు కొననే వద్దు.

ఇక అసలైన నాణేల దగ్గరికి వద్దాం. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేది 1835 నాటి కాలణా, అంటే అణాలో నాలుగో వంతు. నా చేతిలో ఉన్నది అదే, దగ్గరగా చూపిస్తాను. నాణేన్ని ఎప్పుడూ బొటనవేలు, చూపుడువేలు మధ్య అంచులతో పట్టుకోవాలి. ముఖాన్ని వేలితో రుద్దకూడదు, వేలి చెమటలోని ఉప్పు రాగికి పడదు. కిటికీ పక్కన నిలబడి, వెలుతురు ఒక పక్క నుంచి ఏటవాలుగా పడేలా నాణేన్ని మెల్లగా తిప్పితే, నిటారు వెలుగులో కనిపించని గీతలు నీడల వల్ల పైకి తేలుతాయి. ఇప్పుడు ఒకవైపు రెండు సింహాలు జెండాలు పట్టుకుని ఒక డాలుకు అటూ ఇటూ నిలబడి ఉంటాయి. డాలు పైన మరో చిన్న సింహం కిరీటాన్ని ముందుకాళ్లతో ఎత్తిపట్టుకుని ఉంటుంది. కింద పట్టీ మీద లాటిన్ మాటలు, దాని కింద సంవత్సరం. రెండోవైపు ఆకుల దండ మధ్యలో విలువ ఇంగ్లీషులో ఉంటుంది, దాని కింద పారసీ లిపిలో "యక్ పాయీ" అని ఉంటుంది, చుట్టూ కంపెనీ పేరు. 1835లో చేసిన చట్టంతో దేశంలోని కంపెనీ ప్రాంతాలన్నింటికీ ఒకే రకం నాణేలు ఏర్పడ్డాయి. అప్పుడు కాలణాకు నూరు గ్రెయిన్లు, అర్ధణాకు రెండు వందల గ్రెయిన్లు బరువు నిర్ణయించారు. నూరు గ్రెయిన్లంటే సుమారు 6.48 గ్రాములు. మన తులం నూట ఎనభై గ్రెయిన్లు కాబట్టి, కాలణా అరతులం కంటే కొంచెం ఎక్కువ తూగుతుంది.

తూకం ఎందుకంటే, కంటిని మోసం చేయడం సులువు, త్రాసును మోసం చేయడం కష్టం. నగల దుకాణంలో వాడేలాంటి చిన్న త్రాసు, గ్రాములో నూరో వంతు చూపించేది, కొనుక్కుంటే జీవితమంతా పనికొస్తుంది. చేతులు మారి అరిగిన కాలణా 6.2 గ్రాములో 6.3 గ్రాములో తూగితే అది సహజం. 5 గ్రాములే తూగితే అనుమానించాలి. బొమ్మ ఒరిజినల్‌దే అనిపించినా, మైనపు అచ్చు తీసి కరిగించిన లోహం పోసి చేసిన నకలు కావచ్చు. పోతపోసిన నకలుకు ముఖం మీద సన్నని గుంటలు ఉంటాయి, అక్షరాల అంచులు మెత్తగా కరిగినట్టు ఉంటాయి, నాణెం అంచు చుట్టూ భూతద్దంతో చూస్తే రెండు అచ్చులు కలిసిన చోట సన్నని గీత కనిపిస్తుంది, లేదా దాన్ని అరగదీసిన ఆకురాయి గాట్లు కనిపిస్తాయి. యంత్రం మీద ముద్ర వేసిన నాణెంలో అక్షరం లోహం మీద నిటారుగా లేస్తుంది. ఒకసారి ఈ తేడా చూసినవారు మళ్లీ పొరబడరు. ఇంకొక సంగతి, 1906 నుంచి కాలణాను రాగితో కాక కంచుతో, డెబ్బై అయిదు గ్రెయిన్ల బరువుతో వేయడం మొదలుపెట్టారు. కాబట్టి విక్టోరియా రాణి కాలణా 6.4 గ్రాములు తూగుతుంటే, అయిదో జార్జి కాలణా 4.8 గ్రాములు తూగడం తప్పేమీ కాదు. రాణి బొమ్మ ఉన్నవాటిలోనూ 1862 నుంచి "క్వీన్" అని, 1877 నుంచి "ఎంప్రెస్" అని మారింది. సంవత్సరం అరిగిపోయినా ఆ ఒక్క మాటతో కాలాన్ని సగానికి తెగ్గొట్టవచ్చు.

కాలణా కంటే పాతవి, మన తెలుగునేలకు మరీ దగ్గరివి, మద్రాసు ప్రెసిడెన్సీ నాణేలు. ఉత్తర సర్కారుల కోసం 1794లో, 1797లో కంపెనీ ఒక పెద్ద రాగినాణెం తెప్పించింది. దాని మీద "48 టు వన్ రూపీ" అని, అంటే ఇలాంటివి నలభై ఎనిమిది ఇస్తే ఒక రూపాయి అని, విలువ స్పష్టంగా రాసి ఉంటుంది. దానిలో సగం విలువకు తొంభై ఆరో వంతు నాణెం ఉంది. ఇవి ఇక్కడ తయారు కాలేదు. ఇంగ్లండులోని బర్మింగ్‌హాం దగ్గర సోహోలో, మాథ్యూ బౌల్టన్ ఆవిరియంత్రాలతో నడిపిన టంకశాలలో తయారై ఓడల్లో వచ్చాయి. శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా అప్పటి రైతు చేతికి వచ్చిన మొట్టమొదటి గుండ్రని, ఒకదానితో ఒకటి అచ్చు గుద్దినట్టు సరిపోలే నాణెం ఇదే అయి ఉండాలని నా అభిప్రాయం. అప్పటిదాకా ఆ రైతు చూసిన డబ్బులు సుత్తిదెబ్బతో వేసినవి, ఒకటి కోలగా, ఒకటి పలకగా ఉండేవి.

అదే సోహోలో 1803 సంవత్సరంతో మద్రాసు ప్రెసిడెన్సీకి ఇరవై కాసులు, పది కాసులు, అయిదు కాసులు, ఒక కాసు నాణేలు తయారయ్యాయి. ఇరవై కాసుల నాణెం దాదాపు 9.3 గ్రాములు, పది కాసులది అందులో సగం. ఇంగ్లీషువైపు విలువ రోమను అంకెల్లో, రెండు ఎక్స్‌లుగా, ఉంటుంది. వెనకవైపు పారసీలో "బీస్త్ కాస్ చహార్ ఫలూస్ అస్త్" అని ఉంటుంది, అంటే ఇరవై కాసులు నాలుగు ఫలూసులు అని అర్థం, ఫలూసు అంటే రాగినాణెం. మద్రాసులో అప్పటికి రూపాయి లెక్క కాదు, వరహాల లెక్క నడిచేది. ఎనభై కాసులు ఒక ఫణం, నలభై రెండు ఫణాలు ఒక పూలవరహా. ఆ తర్వాత 1807, 1808 ప్రాంతంలో మద్రాసు టంకశాలలోనే వేసిన కొన్ని డబ్బుల మీద పారసీతో పాటు తెలుగు, తమిళ అక్షరాలు ఉన్నాయి. కంపెనీ రాగినాణెం మీద మన లిపి కనిపించినప్పుడు కలిగే సంతోషాన్ని నేను దాచుకోలేను.

ఈ కాసుల నాణేల్లో 1808 సంవత్సరం వేసినవాటికి ఒక కథ ఉంది. వెల కట్టడం అంటే ఏమిటో దానికంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. 1809 జనవరిలో అడ్మిరల్ గార్డ్‌నర్ అనే కంపెనీ ఓడ మద్రాసు కోసం తయారైన పది కాసుల, ఇరవై కాసుల నాణేలను పీపాల్లో నింపుకుని, దాదాపు నలభై ఎనిమిది టన్నుల రాగితో బయలుదేరింది. ఇంగ్లండు తీరం దాటకముందే, కెంట్ దగ్గర గుడ్‌విన్ ఇసుకతిన్నెల మీద గాలివానకు చిక్కి మునిగిపోయింది. ఆ నాణేలు మన కూలీల చేతికి, కోమటి గల్లాపెట్టెలకు రావలసినవి. నూట డెబ్బై అయిదేళ్లు ఇసుకలో పడి ఉన్నాయి. 1980లలో గజ ఈతగాళ్లు ఆ ఓడను శోధించి సుమారు పది లక్షల నాణేలు పైకి తీశారు. దానితో ఏమైంది? రెండు వందల ఏళ్ల వయసున్న, ఒక్కసారి కూడా చేతులు మారని, పేరున్న ఓడ నుంచి వచ్చిన నాణేలు ఇవాళ యూరపులో, అమెరికాలో సాధారణ జీతగాడు కూడా సులువుగా కొనుక్కోగలిగిన ధరకు దొరుకుతున్నాయి. నాణెం వయసు ధరను నిర్ణయించదని నేను వందసార్లు చెప్పినా నమ్మనివారు ఈ ఓడ సంగతి విన్న తర్వాత నమ్మారు. ఎన్ని మిగిలాయి, ఎంతమంది కావాలనుకుంటున్నారు, మిగిలినది ఏ స్థితిలో ఉంది అన్న మూడింటి మీదే ధర నిలుస్తుంది.

ఇంగ్లీషు అక్షరాలు లేని నాణెం చేతికొస్తే చాలామంది వెనక్కి తగ్గుతారు. తగ్గనక్కరలేదు. పారసీ అంకెలు పది నేర్చుకోవడానికి ఒక సాయంకాలం చాలు. సున్నా చుక్కలా ఉంటుంది, అయిదు మన సున్నాలా గుండ్రంగానో తలకిందులైన హృదయం ఆకారంలోనో ఉంటుంది. ఈ రెండూ సరిగ్గా గుర్తుంటే సగం కష్టం తీరినట్టే. గోల్కొండ అబ్దుల్లా కుతుబ్‌షా ఫలూసు ఒకటి తెలంగాణ పల్లెల్లో అప్పుడప్పుడు కనిపిస్తుంది. దాని మీద "శుభంగా, సౌభాగ్యంగా ముగిసింది" అని అర్థం వచ్చే అరబ్బీ మాటలు, 1068 అన్న హిజ్రీ, అంటే ముస్లిముల శకపు, సంవత్సరం ఉంటాయి. హిజ్రీ అంకెను 0.97తో గుణించి 622 కలిపితే మన క్రీస్తుశకం దాదాపుగా వస్తుంది, ఒక ఏడాది అటూ ఇటూ. ఆ లెక్కన 1068 అంటే 1657, 1658 ప్రాంతం. పేరుకు సుల్తాను నాణేనికి ఆ మాటలేమిటని చదువుకుంటూ నేను చాలాసేపు కూర్చున్న రోజులున్నాయి.

నిజాం నాణేల విషయంలో ఒక పొరపాటు పదే పదే వింటున్నాను. వాటి మీద 92 అన్న అంకె కనిపించగానే, హిజ్రీ 92 అనుకుని, ఇది పదమూడు వందల ఏళ్ల నాటి అరబ్బు నాణెమని నమ్మినవారు నాకు తెలుసు. అది సంవత్సరం కాదు. అరబ్బీ అక్షరాలకు సంఖ్యావిలువలు కట్టే పద్ధతిలో ముహమ్మద్ అన్న పేరు మొత్తం 92 అవుతుంది. 1857 తర్వాత మొఘలు చక్రవర్తి పేరు తీసేసినప్పుడు హైదరాబాదు నాణేల మీదికి ఆ అంకె వచ్చింది. అసలు సంవత్సరం వేరే చోట ఉంటుంది. మహబూబ్ అలీఖాన్ కాలంలో యంత్రం మీద వేసిన రెండు పైల కంచు నాణెంలో తుగ్రా, అంటే అల్లికలా కలగలిపి రాసిన బిరుదు, నాణెం నిండా ఉంటుంది. 1322 హిజ్రీ అని చదివితే అది 1904 నాటిది.

టిప్పు సుల్తాను ఏనుగు బొమ్మ పైసాలు రాయలసీమలో దొరుకుతాయి. గుత్తి కోటకు ఆయన ఫైజ్ హిసార్ అని పేరు పెట్టి అక్కడ కూడా టంకశాల నడిపాడు. ఆయన 1787 నుంచి హిజ్రీ వదిలి మౌలూదీ అనే కొత్త శకం వాడాడు, అంకెలను కూడా కుడి నుంచి ఎడమకు రాయించాడు. కాబట్టి నాణెం మీద 5121 అని కనిపిస్తే దాన్ని 1215 అని తిప్పి చదివి, 572 కలుపుకోవాలి. 1787 వస్తుంది. ఈ సంగతి తెలియక పుస్తకాల్లో వెతికి వెతికి వదిలేసిన నాణేలు ఎన్నో నా దగ్గరికి వచ్చాయి.

ఇంకా వెనక్కి, శాతవాహనుల కాలానికి వెళితే పద్ధతి మారుతుంది. ఏనుగు, నాలుగు వలయాలు కలిపిన ఉజ్జయిని గుర్తు, బ్రాహ్మీ అక్షరాలు కనిపిస్తాయి. మట్టి పట్టి నల్లబడ్డ ప్రతి నాణేన్నీ రాగి అనుకోకూడదు, ఆ కాలంలో సీసం ఎక్కువగా వాడారు. 2024లో సూర్యాపేట జిల్లా ఫణిగిరి తవ్వకాల్లో ఒక మట్టికుండలో దొరికిన, శాతవాహనుల తర్వాతి ఇక్ష్వాకుల నాటి 3,730 నాణేలూ సీసానివే. అలాగే, అయస్కాంతానికి అంటుకుంటే రాగినాణెం కాదు, రాగిపూత వేసిన ఇనుపబిళ్ల అని నేను ఎప్పుడూ చెబుతాను, కొత్త నకళ్ల విషయంలో అది నమ్మదగిన పరీక్షే. అయితే విష్ణుకుండినుల సింహపు నాణేలు ఇనుము మీద రాగిపూతతో ఉన్నవి. ఆ ఒక్క వంశం నాణెం విషయంలో అయస్కాంతం మాట విని పారేస్తే పదిహేను వందల ఏళ్ల చరిత్రను పారేసినట్టవుతుంది.

గోదావరి ఒడ్డున, ఇప్పటి జగిత్యాల జిల్లాలో కోటిలింగాల ఉంది. అక్కడ నేలమీద దొరికిన చిన్న చిన్న నాణేలను పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు చదివి ప్రకటించారు. వాటిలో గోబద, నారన, సమగోప వంటి, అంతకుముందు ఎవరూ వినని రాజుల పేర్లు ఉన్నాయి. శాతవాహన వంశానికి మొదటివాడైన చిముకుని పేరుతో నాణేలు కూడా ఉన్నాయి. అంతకుముందు ఆ పేరు పశ్చిమాన నానేఘాట్ గుహలోని శాసనంలో ఉంది గాని, గోదావరి తీరంలో ఆయన నాణెం చేతికి అందడం వేరు. ఆ నాణేలను ఒక వ్యాపారి ఎక్కడివో చెప్పకుండా హైదరాబాదులో అమ్మి ఉంటే, వాటికి నాలుగు రూపాయలు వచ్చేవి, మన చరిత్రలో ఒక అధ్యాయం వచ్చేది కాదు. అవి కోటిలింగాలలో దొరికాయన్న ఒక్క మాటలోనే వాటి విలువ అంతా ఉంది.

ఇప్పుడు ధర సంగతి. లోహానికి వచ్చే ధర ముందు చెప్పుకుందాం. కిలో రాగి వెయ్యి రూపాయలు అనుకుంటే, కాలణాలోని రాగికి ఆరున్నర రూపాయలు. పాత ఇనుపసామాను వాడికి వేయడమంటే అంతే. సేకరణకర్త ఇచ్చేది నాణెం స్థితిని బట్టి. వాళ్లు వాడే మాటలు ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్, అన్‌సర్క్యులేటెడ్. ఈ మాటలకు కొలత ఎత్తైన చోట్ల అరుగుదల. 1835 కాలణాలో సింహాల తలలు, పైనున్న చిన్న సింహం చేతిలోని కిరీటం ముందుగా అరుగుతాయి. సింహం ఒళ్లంతా నున్నగా మారి బొమ్మ గీత మాత్రమే మిగిలితే ఫైన్ కంటే తక్కువ. జూలు వెంట్రుకలు విడివిడిగా తెలుస్తుంటే, పట్టీ మీది లాటిన్ అక్షరాలు మొత్తం చదవగలిగితే చాలా మంచి స్థితి. టంకశాలలో ఉన్నప్పటి ఎర్రదనం అక్షరాల మధ్య గాడుల్లో ఇంకా మెరుస్తుంటే అరుదైన స్థితి. మన ఇళ్లలో దొరికే అరిగిన కాలణాలు వేల రూపాయలు పలకవు, చాలావాటికి వంద రూపాయలు రావడం కూడా కష్టమే. కోట్లలో వేసిన నాణెం అది. అదే నాణెం మొదటి మెరుపుతో ఉంటే ధర ఎన్నో రెట్లు పెరుగుతుంది. మొలతాడుకు కట్టడానికి చిల్లు పొడిచినా, లాకెట్టు చేయడానికి కొక్కెం అతికించినా దాదాపు అంతా పోతుంది. ధర తెలుసుకోవాలంటే అమ్మకానికి పెట్టినవారు అడుగుతున్న ధరలు చూడకండి, పేరున్న వేలంపాటల్లో నిజంగా అమ్ముడుపోయిన ధరలు చూడండి. ఎవరైనా ఎంతైనా అడగవచ్చు, కొన్నవాడు ఇచ్చినదే ధర.

ఇక్కడ నా చేతులతో నేను చేసిన ఒక పని చెప్పాలి. నాకు పద్నాలుగేళ్లప్పుడు, మా నాయనమ్మ కావడిపెట్టెలో నలభై ఎనిమిదో వంతు రూపాయి నాణెం ఒకటి, 1794 నాటిది, దొరికింది. ముదురు చాక్లెట్ రంగులో, ఒక్క గీత లేకుండా ఉంది. పండగకు రాగిచెంబులు తోముతున్నారు, ఆ చింతపండుతోనే, ఇటుకపొడితోనే దాన్ని కూడా తోమాను. ఎర్రగా నిగనిగలాడుతూ వచ్చింది. నాయనమ్మ కూడా మురిసిపోయింది. నెల తిరగకుండా అది మచ్చలు మచ్చలుగా మారింది. ఇటుకపొడి గీతలు దాని ముఖమంతా సన్నని వలలా ఇప్పటికీ ఉన్నాయి. రెండు శతాబ్దాల గాలి, చేతి వేడి కలిసి రాగి మీద పెట్టిన ఆ గోధుమరంగు పొరే నాణేన్ని కాపాడుతుంది, సేకరణకర్త వెదికేది ఆ పొరనే. దాన్ని తీస్తే మళ్లీ రాదు. అందుచేత చింతపండు, నిమ్మకాయ, బూడిద, పళ్లపొడి ఏదీ పాత రాగినాణేనికి తగలనివ్వకండి. మట్టి ఉంటే మందుల దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటర్‌లో రెండు రోజులు నానబెట్టి, మెత్తని గుడ్డ మీద ఆరనివ్వండి. చిలుము గట్టిగా, ముదురాకుపచ్చగా అంటుకుని ఉంటే ప్రమాదం లేదు, అలాగే ఉండనివ్వండి. లేతాకుపచ్చ పొడిలా రాలుతుంటే అది నాణేన్ని లోపల తింటున్న జబ్బు. దాన్ని మిగతా నాణేల నుంచి వెంటనే వేరు చేసి, తేమ లేనిచోట ఉంచి, మ్యూజియం వారిని అడగండి.

మోసాల గురించి కూడా చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే మన రెండు రాష్ట్రాల్లో వీటివల్ల ఇళ్లు అమ్ముకున్నవారు ఉన్నారు. మీ పాత నాణేన్ని లక్షలకు కొంటాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు, పన్ను, కమీషన్ కట్టండి అని ఫోనులో అడిగేవారు కొనేవారు కాదు. తన పేరు, తన చిహ్నం వాడుకుని ఇలా డబ్బు వసూలు చేస్తున్నారని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. రెండోది రైస్ పుల్లింగ్. రాగిచెంబు గానీ నాణెం గానీ బియ్యపు గింజలను లాక్కుంటుందని, అందులో ఇరిడియం ఉందని, అంతరిక్ష పరిశోధనకు కోట్లకు అమ్ముడవుతుందని చెబుతారు. రాగి దేన్నీ లాక్కోదు. గింజలకు ఇనుపరజను పూసి, కింద అయస్కాంతం పెట్టి చూపించే గారడీ అది.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. పొలం దున్నుతుంటేనో పునాది తవ్వుతుంటేనో నేలలో నాణేలు దొరికితే, వాటి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలని 1878 నాటి నిధి చట్టం చెబుతోంది. కుండతో సహా కదపకుండా చెబితే మరీ మంచిది. అలాగే నూరేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు, దాన్ని దేశం దాటించకూడదు. అమెరికాలో ఉన్న మనవడికి తాతగారి 1835 కాలణాను పార్శిల్‌లో పంపాలనుకునేవారు, అతను సెలవుల్లో వచ్చినప్పుడు ఇక్కడే చూపించండి, ఫొటో తీసి పంపండి, నాణెం మాత్రం ఇంట్లోనే ఉండనివ్వండి.

చివరగా, దాచడం. మెత్తని ప్లాస్టిక్ కవర్లలో పెట్టకండి, వాటిలోని క్లోరిన్ కొన్నేళ్లకు బయటికి వచ్చి రాగి మీద జిగటగా, ఆకుపచ్చగా పేరుకుంటుంది. ఆమ్లం లేని కాగితపు కవరు చాలు, ఒక్కో నాణేనికి ఒక్కో కవరు. కవరు మీద పెన్సిలుతో రాయండి. ఏం రాయాలో నా దగ్గరున్న ఒక కవరు చదివి వినిపిస్తాను: "ఇరవై కాసులు, 1808. బరువు 9.08 గ్రాములు. తూర్పుగోదావరి జిల్లాలో మా అమ్మమ్మ వాళ్ల మండువా ఇల్లు విప్పుతుండగా వాసాల సందులో దొరికింది, 1987 వేసవి. కడగలేదు." బజారులో కనిపించే 1808 నాణేల్లో చాలావరకు ఆ ఓడలోవి, సముద్రపు ఇసుక కొరికిన గుంటలతో, చేతి అరుగుదల లేకుండా ఉంటాయి. ఇది వేరే ఓడలో మద్రాసు చేరి, చేతులు మారి, గోదావరి దాకా వచ్చి, సింహాలు అరిగిపోయేదాకా తిరిగిన నాణెం. కవరు మీద ఆ రెండు వరుసలు లేకపోతే, నా తర్వాత దీన్ని చేతిలో పట్టుకున్నవారికి ఆ సంగతి తెలిసే దారి లేదు. బల్ల మీద త్రాసు, భూతద్దం ఉన్నాయి, ఖాళీ కవర్లు, పెన్సిళ్లు తెచ్చాను. మీ నాణేలు ఒక్కొక్కటిగా తీసుకురండి, తూచి, చదివి, కవరు మీద రాసిద్దాం.